ఎకరంన్నరలో రాజాశ్వం

తామ్రగిరి మహారాజు ప్రచండసేనుడి గుర్రపుశాల తగలబడిన మూడో రోజు పొద్దున్నే, ధూమ్రాద్రి కొండ కింద కాచమ చేలోకి నూట ఇరవైమంది సైనికులూ, ఆరు బండ్ల రాయీ, ఒక గుర్రమూ వచ్చి పడ్డాయి. అడిగింది లేదు, చెప్పింది లేదు. జానెడెత్తు లేచిన నువ్వుల మీదుగా బండ్లు తోలుకొచ్చేశారు. రాజుగారి మనుషుల కళ్ళకి కోటలూ కిరీటాలూ కనిపిస్తాయి గాని మొలకలు కనిపించవు.

కాచమ గుడిసెలోంచి బయటికొచ్చి చూసింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఎండకి కాగిన ఒళ్ళు. ఆమె నోటి సంగతి చుట్టుపక్కల పది ఊళ్ళకీ తెలుసు.

"ఎవర్రా అది! ఆపండ్రా బండ్లు! కళ్ళు నెత్తికెక్కాయా?"

ముందు బండివాడు హడలిపోయి నిజంగానే ఆపేశాడు. అతని వెనకనుంచి గుబురు మీసాల మనిషి ఒకడు దిగి, ఒక తాళపత్రం విప్పి గొంతు సవరించుకున్నాడు. దండనాయకుడు ఉద్దండరాయుడు ఇతనే.

"ఓ స్త్రీ! నీ పుణ్యము పండినది. మహారాజులవారి పట్టపుగుర్రం గగనచారి నేటినుండి తొమ్మిది దినములు నీ భూమియందు విడిది చేయును. ఇది రాజాజ్ఞ."

"నా పుణ్యం పండితే పండింది, నా నువ్వులు పండే దారేదీ? చక్రాల కింద నలిపేశారుగా!"

అసలు సంగతి ఇక్కడ చెప్పెయ్యాలి. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతుంది. ధూమ్రజటి అనే మాంత్రికుడు ఆ కొండ మీద తిష్ఠ వేసి పన్నెండేళ్ళయింది. కొండ చుట్టూ అగ్నికందకం పెట్టుకున్నాడు. మూడు నెలల క్రితం రాజుగారి మూడు వందల గుర్రాలకి మేత చాలక, కొండవాలు మీద గడ్డి కోసుకురమ్మని పందొమ్మిదిమందిని పంపారు. పందొమ్మిదిమందినీ మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వాళ్ళలో కాచమ తమ్ముడు ప్రోలయ ఒకడు. ఆమెకి ఈ లోకంలో ఉన్నది అతనొక్కడే. కోట గుమ్మం దగ్గర ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా ఒక్కడు తలుపు తియ్యలేదు. గడ్డికోసేవాళ్ళు పోతే ఇంకొకళ్ళు దొరుకుతారని వాళ్ళ ధీమా. మొన్న మాంత్రికుడు నిప్పులవాన కురిపించి గుర్రపుశాల తగలబెట్టినప్పుడు మాత్రం రాజుగారికి చుర్రుమంది. గుర్రాలు ఆయనవి కదా!

ఆస్థాన సిద్ధాంతి లెక్కలు వేసి చెప్పిన మాట ఊరూరా పాకింది. పదో రోజు మిట్టమధ్యాహ్నం ధూమ్రజటి ఆ పందొమ్మిదిమందినీ బలి ఇస్తాడు. ఇచ్చాక వాడికి ఇక చావుండదు. ఆలోగా ఎవరైనా కందకం దాటి వాణ్ణి ఆపాలి. రోజూ ఎండ నడినెత్తికి వచ్చిన ఆ కాసేపు కందకంలో మంట మనిషెత్తుకి తగ్గుతుంది. అప్పుడు దూకగలిగిన ప్రాణి తామ్రగిరిలో ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ నిప్పులవానలో గిట్ట కాల్చుకుని, పొగ మింగి, నానా అవస్థా పడుతోంది. కుంటుతూ రాజధాని నుంచి నడిచొచ్చి అదే రోజు దూకడమన్నది కుదరని పని. అందుకని కొండ కిందే ఉంచి నయం చెయ్యాలన్నారు. కొండ కింద నీళ్ళున్న నేల కాచమ ఎకరంన్నర ఒక్కటే.

ఇక ఆ గుర్రం! నేరేడుపండు నిగనిగలాడే నల్లని మేను. నాలుగు కాళ్ళకీ తెల్లని మేజోళ్ళు తొడిగినట్టు తెలుపు, నుదుట అరచేయంత తెల్లని మచ్చ. అయిదు తెలుపులూ పొందికగా కుదిరిన పంచకళ్యాణి అది. మబ్బు నీడతో పందెం వేసి గెలిచేదట, ముప్పై మూరల అగడ్త ఒక్క ఊపున దాటేదట. పచ్చలు తాపిన కళ్ళెం, ముత్యాల కుచ్చుల జీను, వీపు మీద వెండిజరీ శాలువ, కాళ్ళకి బంగారు గజ్జెలు. ఇంత వైభవం కింద గుర్రం దగ్గుతోంది. కుడి ముందుకాలు నేలకి ఆనించడం లేదు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కాచమ తండ్రి ఆ కోట లాయంలోనే నలభై ఏళ్ళు గుర్రాలకి వైద్యం చేసి చచ్చిపోయాడు. ఆమెకి ఒక్క చూపు చాలింది.

"కాలిన కాలికి గజ్జెలు కట్టిన మొనగాడెవడ్రా?"

గుర్రం పక్కనున్న సాహిణి, దాన్ని సాకే పాతికేళ్ళవాడు, తల వంచుకున్నాడు. "నేను వద్దన్నాను అక్కా. వినలేదు."

"వద్దంటే సరిపోయిందా? నీకు చేతుల్లేవా? విప్పరా వెధవా!"

దండనాయకుడి మొహం తెల్లగా పాలిపోయింది. ఎందుకో చెబుతాను. చెన్నడనే పేరుతో, చిరిగిన తలపాగాతో ఉన్న ఆ సాహిణి తామ్రగిరి యువరాజు జయకేతు. మాంత్రికుడి గూఢచారులకి దొరక్కుండా ఈ వేషం వేసుకున్నాడు. ఈ సంగతి దండనాయకుడికి తప్ప ఎవరికీ తెలియదు, చెప్పడానికి వీల్లేదు. యువరాజు మాత్రం కిమ్మనకుండా కూర్చుని గజ్జెలు విప్పాడు.

దండనాయకుడు రెండో తాళపత్రం తీశాడు. నలభై స్తంభాల అశ్వశాల, చలువరాతి నేల, అద్దాల కప్పు, స్నానానికి కొలను, వాద్యకారులకి వేదిక. కాచమ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"బాగుంది దొరగారూ. ఇది కట్టాక గుర్రం ఎక్కడ నిలబడుతుంది, నా నెత్తి మీదా? ఉన్నది ఎకరంన్నర. మీ వాద్యకారులకే సరిపోయింది."

"నోరు అదుపులో పెట్టుకో! తాపీవాళ్ళూ, మొదలుపెట్టండి!"

"పెట్టండి, పెట్టండి. ఈ కొండకి కోసెడు దూరంలో రాయి మీద రాయి నిలవనివ్వడు వాడు. నా గుడిసెకి తాటాకు ఎందుకుందనుకున్నారు, ముచ్చటకా?"

ఎవరు వింటారు? పునాది తవ్వారు. నాలుగు వరసలు లేపారు. మధ్యాహ్నానికి కొండ మీంచి ఒక పొగచుట్ట దిగొచ్చి ఆ గోడని ఇలా తాకిందో లేదో, రాళ్ళన్నీ మంగలంలో జొన్నల్లా పేలడం మొదలుపెట్టాయి. తాపీవాళ్ళు బండ్ల కిందికి దూరారు. ఒక ముక్క వచ్చి దండనాయకుడి తలపాగా ఎగరగొట్టుకుపోయింది. గుర్రం బెదిరి వెనక్కాళ్ళ మీద లేచింది. కాచమ పరిగెత్తి దాని మెడ కరుచుకుని, చెవిలో ఏదో గొణుగుతూ, రాళ్ళు పడని చోటికి మెల్లిగా నడిపించుకుపోయింది. రాళ్ళ మోత ఆగాక వెనక్కి తిరిగి చూసిన ఆ చూపుకి నూట ఇరవైమందీ తలలు దించుకున్నారు.

"ఇప్పుడు నేను చెప్పేది వినండి. ఈ గుర్రం ఇక్కడున్నన్నాళ్ళూ నా మాటే నడవాలి. దీని కాళ్ళ మీద నా తమ్ముడి ప్రాణం ఉంది. మీ దర్జా చూపించుకోవాలనుంటే కోటకి పోయి చూపించుకోండి."

యువరాజు ముందుకొచ్చాడు. "ఏం చెయ్యాలో చెప్పక్కా."

ఆమె చేను నాలుగు మూలలా కాళ్ళతో కొలుస్తూ తిరిగింది. పిడికెడు మట్టి తీసి పిసికి చూసింది, నీరు ఎటు వాలుతుందో చూసింది, గాలికి మొహం పెట్టి నిలబడింది. ఆ తరవాత వెదురుపుల్లలు గుచ్చుతూ చెప్పుకుపోయింది. ఆమె అరుపులకి సైనికులు అటూ ఇటూ ఉరుకుతున్నారు.

"నువ్వులు ఎటూ తొక్కి చంపేశారు గనక, ఈ మెరక మీదే పాక. ఎనిమిది మూరల చదరం, ఏడు మూరల ఎత్తు. నాలుగు రాటలు, తాటాకు కప్పు. పొగగాలి పడమటినుంచి వస్తోంది, అందుకని వాకిలి తూర్పుకి. చుట్టూ జానెడు లోతు కాలవ తవ్వండి, చుక్క నీరు లోపలికి రాకూడదు. తడికలు రాటకి జారుముడితో కట్టండి. ఒక్కసారి లాగితే గోడ గోడంతా ఊడి పడాలి."

"ఊడిపడే గోడ ఒక గోడా?" అన్నాడు దండనాయకుడు.

"మీ లాయానికి రాతిగోడలూ ఇనపతలుపులూ కదా ఉన్నాయి. మూడొందల గుర్రాల్లో ఎన్ని బయటికొచ్చాయి?"

అతను తాళపత్రం చుట్టడం మొదలుపెట్టాడు.

"అడుగుతున్నాగా, ఎన్ని?"

"నూట పన్నెండు," అన్నాడు యువరాజు.

"తక్కినవన్నీ ఆ గట్టి గోడల మధ్యే మాడిపోయాయి. పాపం, నోరులేని జీవాలు! ఇంక నాకు గోడల గురించి చెప్పకండి. ఎండుగడ్డి కూడా పాకలో పెట్టద్దు. అదిగో, ఆ చివర పెట్టండి. పేడకుప్ప బావికి దూరంగా, గాలివాలున."

సగం చేలో గరిక ఉంది. దాన్ని వెదురుదడితో రెండు మడులు చెయ్యమంది. పాక ముందు ఇసక పోసి చిన్న దొడ్డి కట్టమంది. గుర్రం పొద్దునా సాయంత్రం రెండేసి గడియలు ఒక మడిలో మేస్తుంది, తక్కినంతసేపూ దొడ్డిలోనే. నాలుగు రోజులకి మడి మారుతుంది.

"అంత గరిక పెట్టుకుని రాజాశ్వాన్ని ఇసకలో నిలబెడతావా?" దండనాయకుడు మళ్ళీ మొదలెట్టాడు. "మొత్తం విడిచిపెట్టు!"

"విడిచిపెడితే రెండు రోజుల్లో అంతా తొక్కి రొచ్చు చేస్తుంది. మూడో రోజుకి మేతా ఉండదు, పొడినేలా ఉండదు. కాలిన గిట్ట రొచ్చులో నానితే కుళ్ళుతుంది. అప్పుడు కందకం మీరు దూకుతారా?"

దడికి ముళ్ళకంప తెచ్చినవాణ్ణి, గుర్రం కళ్ళు పొడుస్తావట్రా అని తిట్టి తరిమింది. మూలలు గుండ్రంగా తిప్పించింది. బెదిరిన గుర్రం చదరపు మూలలో ఇరుక్కుంటే కాలు విరుగుతుందట. దడి వెంట ఉన్న ఆముదం మొక్కల్నీ ఒక ఎర్రగన్నేరు చెట్టునీ వేళ్ళతో సహా పీకించి, కాల్చకుండా లోతుగా పాతిపెట్టించింది. "గన్నేరు ఆకు గుప్పెడు నమిలితే చాలు, ఎంత గుర్రమైనా గుండె ఆగి పడిపోతుంది. పొగ కూడా మంచిది కాదు," అని అందరికీ చెప్పింది. అది చెప్పినప్పుడు దండనాయకుడు గుడారంలో గుర్రు పెడుతున్నాడు.

చివరికి తన గాడిదని తెచ్చి దొడ్డిలో వదిలింది. దాని పేరు చుక్కి.

"గాడిదా! పట్టపుగుర్రం పక్కన గాడిదా!" దండనాయకుడు గుండె పట్టుకున్నాడు.

"గుర్రం మందలో బతికే జీవం. తోడు లేకపోతే మేత ముట్టదు. చుక్కి వద్దంటే మీరొచ్చి నిలబడండి, నాకేం పోయింది."

సైనికులు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు. ఆ సాయంత్రం గగనచారి చుక్కి మెడ మీద గడ్డం ఆనించి, మూడు రోజుల తరవాత మొదటిసారి మేత మేసింది. కాచమ దడి పట్టుకుని చూస్తూ ఏడ్చింది. ఏడుస్తున్నందుకు మళ్ళీ కోపం తెచ్చుకుని, ఊరికే నిలబడ్డావేంరా అని చెన్నణ్ణి కసిరింది.

ఆ తరవాతి రోజులు మామూలు రోజులు కావు. మూడో రోజు మాంత్రికుడు కొండ మీంచి వడగాలి తోలాడు. పాక వీపు పడమటికి ఉండబట్టి గుర్రానికి సెగ తగల్లేదు. దండనాయకుడి మీసాలు మాత్రం ఒక వైపు కమిలిపోయాయి. అయిదో రోజు చిటపటమనే ఎండలో ఉన్నట్టుండి నల్లమబ్బులు కమ్మి, మూడు జాముల పాటు ఏనుగు తొండమంత ధారలతో వాన కొట్టింది. గుడారాలు కొట్టుకుపోయాయి, వంటపాత్రలు తేలుతూ పోయాయి, నూట ఇరవైమందీ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి దేవుళ్ళందరినీ తలుచుకున్నారు. మెరక మీద పాకలో గగనచారి పొడి ఇసక మీద నిలబడి ఉలవలు నములుతోంది. చుట్టూ కాలవ గలగలా పారుతోంది. యువరాజు ఆ వానలో పారతో కాలవ పూడిక తీస్తూనే ఉన్నాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. కాచమ గుడ్డ చింపి కట్టుకట్టింది.

"మొదట్లో నువ్వు దేనికీ పనికిరావనుకున్నాన్రా చెన్నా."

"నేనూ అదే అనుకున్నానక్కా," అన్నాడతను.

ఎనిమిదో రోజుకి దగ్గు పోయింది. తొమ్మిదో రోజు పొద్దున గగనచారి నాలుగు కాళ్ళూ నేల మీద గట్టిగా మోపి, దొడ్డి చుట్టూ మూడు చుట్లు పరుగెత్తి సకిలించింది. ఒక్క రోజు ఆగితే చాలు. కాచమ మనసు తేలికపడింది. బావి దగ్గరికి నీళ్ళకి వెళ్ళింది. చెన్నడు గడ్డి కోయడానికి పోయాడు.

ఆ రోజు రాజుగారి జన్మనక్షత్రం. తామ్రగిరిలో ఆ రోజున పట్టపుగుర్రం ఉన్న చోటు ఎర్రపూలతో నిండిపోవాలి. అది తాతలనాటి ఆచారం. లాయం ఉన్నా లేకపోయినా, కందకం దూకినా దూకకపోయినా, ఎర్రపూలు మాత్రం ఉండి తీరాలి. ఆ మిట్టనేలలో ఎర్రపూలెక్కడివి అని దండనాయకుడు చేతులు నలుపుకుంటూ ఉంటే, నడుం వంగిన ముసలమ్మ ఒకతె గంపెడు పూలు నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"పూలు కావాలా నాయనా? ఎర్రెర్రని పూలు. కొమ్మలతో సహా తెచ్చా, తోరణాలకి బావుంటాయి."

ఇంకేముంది! కాచమ కాళ్ళు కడుక్కొచ్చేలోపే దండనాయకుడి చేతుల మీదుగా పాక వాకిలి నిండా, దడి నిండా, చివరికి పాకలో మేతతొట్టి చుట్టూ కూడా ఎర్రని కొమ్మలు వేలాడాయి. దండనాయకుడు దూరంగా నిలబడి మురిసిపోతున్నాడు. గగనచారి మెడ చాపి, తొట్టి మీది కొమ్మని మూతితో అందుకోబోతోంది.

కాచమ నీళ్ళకుండ నేలకేసి కొట్టి పరిగెత్తింది.

"గన్నేరు! ఒరేయ్ చచ్చినోళ్ళారా, అది గన్నేరురా!"

దడి మీంచి దూకి, పాకలోకి దూరి గుర్రం మూతి మీద అరచేత్తో ఒక్కటి వేసింది. దాని పెదవులు విడదీసి నోట్లోకి వేళ్ళు పెట్టి వెతికింది. ఆకు లేదు. ఇంకా నమల్లేదు. ఆమెకి ఒళ్ళంతా మండిపోయింది. తోరణాలు పరపరా లాగి పారేసింది. అడ్డం వచ్చిన దండనాయకుణ్ణి చేతిలో ఉన్న కొమ్మతోనే ఎడాపెడా బాదింది.

"విషం తెచ్చి తొట్టికి కడతావా? నీకు ఆచారం ఎక్కువా, పందొమ్మిది ప్రాణాలెక్కువా?"

"ఆ ముసలమ్మ... ఆమే ఇచ్చింది..."

కాచమ ముసలమ్మ వైపు తిరిగింది. "గుర్రముండే చోటికి గన్నేరు తెచ్చావే, నువ్వెవతెవే?"

ముసలమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నడుం నిటారైంది. నెరిసిన జుట్టు పొగై చుట్టలు చుట్టుకుంటూ తాటిచెట్టంత లేచింది, ఆ పొగజడల మధ్య కణకణమండే రెండు కళ్ళు. ధూమ్రజటి! సైనికులు కత్తులు పారేసి పరుగో పరుగు.

వాడు తల విదిలించాడు. జడల్లోంచి నిప్పురవ్వలు రాలి తాటాకు కప్పు భగ్గుమంది. వాకిలికి అడ్డంగా మంట పడింది. లోపల గుర్రం పెట్టిన కేకకి ఎవరి గుండెలైనా అవిసిపోవాల్సిందే. కాచమ పాక వెనక్కి పరిగెత్తి ముడి లాగింది. పడమటి తడిక మొత్తం నేలకూలింది. ముందు చుక్కి బయటికి దూకింది, దాని వెంట గగనచారి. ఒక్క వెంట్రుక కూడా కమల్లేదు.

గడ్డిమోపు విసిరేసి చెన్నడు కొడవలితో మాంత్రికుడి మీదికి ఉరికాడు. మొదటి వేటుకి వాడి భుజం చీలి నల్లని పొగ చిమ్మింది. వాడు పిడికెడు బూడిద తీసి అతని కళ్ళలో కొట్టాడు. చెన్నడు కేకవేసి మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"రేపటిదాకా ఎందుకు?" అన్నాడు ధూమ్రజటి. "ఇవాళే, ఎండ నడినెత్తికి రాగానే, పందొమ్మిది తలలూ తెంచుతాను. చేతనైతే ఆపుకోండి!"

వాడు నల్లని గద్దై లేచి, చీలిన రెక్క ఈడ్చుకుంటూ కొండ వైపు ఎగిరిపోయాడు. కాచమ తన నీడ చూసుకుంది. అది అప్పటికే పాదాల దగ్గరికి వచ్చేసింది.

"గుర్రం ఎక్కరా చెన్నా! లే!"

"కళ్ళు కనిపించడం లేదక్కా." అతను గాలిలో చేతులు తడుముతున్నాడు. "నేను చెన్నణ్ణి కాదు. జయకేతుని. ఈ గుర్రాన్ని నేనే దూకించాలని వచ్చాను. ఇప్పుడు నావల్ల కాదు."

కాచమ అతని మొహంలోకి చూసింది.

"యువరాజువా? అయితే మూడు నెలలుగా ఎక్కడ చచ్చావు? నీ కోట గుమ్మం ముందు తల బాదుకున్నాను, వినపడలేదా?"

"వాళ్ళు పొరుగు రాజ్యానికి పారిపోయారని నాకు చెప్పారు. సిద్ధాంతి నోట నిజం విన్నది పది రోజుల క్రితం. విన్న రోజే బయల్దేరాను."

"పారిపోయారని ఎవడు చెప్పాడు?"

దండనాయకుడు నేల చూపులు చూస్తూ గొణిగాడు. "మహారాజులవారి ఆజ్ఞ. అలాగే రాయించాము. పందొమ్మిదిమంది కోసం సైన్యాన్ని పంపడమంటే..."

అతని మాట పూర్తి కాలేదు. కాచమ అతని చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ చప్పుడుకి దూరాన పొదల్లో దాక్కున్న సైనికులు కూడా ఉలిక్కిపడ్డారు. ఆమె గుర్రం వైపు తిరిగింది. దడి మీద కాలు పెట్టి, జీను లేని గగనచారి వీపు మీదికి ఎక్కి జూలు పట్టుకుంది.

"పట్టపుగుర్రం!" దండనాయకుడు చెంప పట్టుకునే అరిచాడు. "రాజరక్తం లేనివాళ్ళు ఎక్కితే శిరచ్ఛేదం! ఇది శాసనం!"

"కొండ మీదికొచ్చి కొట్టు నా తల!"

గగనచారి దడి దూకింది. గరికమడి, ఎండుగడ్డి కుప్ప, బావి, అన్నీ వెనక్కి పోయాయి. ఎదురుగా అగ్నికందకం. ఎర్రని మంటలు, పచ్చని మంటలు, నీలి మంటలు పెనవేసుకుని పాముల్లా బుసకొడుతున్నాయి, కింద కరిగిన రాయి కుతకుతా ఉడుకుతోంది. ఎండ నడినెత్తికి వచ్చింది. మంటలు ఒక్కసారిగా కుంగడం మొదలుపెట్టాయి. తాటిచెట్టంతవి కొబ్బరిమొక్కంతయ్యాయి, తరవాత మనిషంతయ్యాయి.

"నీకు దణ్ణం పెడతా తల్లీ, ఒక్కసారి!" అంది కాచమ దాని మెడకి కరుచుకుని.

గగనచారి గాలిలోకి లేచింది. కింద నిప్పు, చుట్టూ పొగ, కాచమ చీరకొంగు అంటుకుంది. ఊపిరి బిగబట్టింది. గిట్టలు రాతి మీద టంగుమని మోగాయి. కొంగు చేత్తో నలిపి ఆర్పుకుని తలెత్తి చూసింది.

కొండ అంచున చదునైన బండ, పక్కనే విరిగిపడ్డ ఒక రాయి. బండకి దిగ్గొట్టిన గొలుసులతో పందొమ్మిదిమంది. జుట్లు జడలుకట్టాయి, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వాళ్ళు కాచమని చూడలేదు. గుర్రాన్ని చూశారు. నల్లని మేను, అయిదు తెలుపులు. పందొమ్మిదిమందీ ఒక్కసారిగా మోకాళ్ళ మీద పడి, నుదుళ్ళు బండకి ఆనించారు.

"మహాప్రభో! వచ్చావా తండ్రీ!" అని ఏడుస్తున్నారు.

వాళ్ళ మధ్యలోంచి ప్రోలయ తలెత్తాడు. నుదుటి నిండా దుమ్ము, కళ్ళ నిండా నీళ్ళు.

"అక్కా! రాజుగారు మనల్ని మరిచిపోరని వీళ్ళకి రోజూ చెబుతూనే ఉన్నానక్కా. రోజూ ఆయన పేరే తలుచుకుంటున్నాం. ఆయనే పంపారు కదూ నిన్ను?"

కాచమ గుర్రం దిగింది. అవునంటే సరిపోయేది. కానీ ఆ వంగిన వీపుల్ని చూస్తుంటే ఆమెకి కోపం ఆగలేదు.

"లేదురా. మీరు పారిపోయారని రాయించాడు. మూడు నెలలు గుమ్మం ముందు పడున్నా తలుపు తియ్యలేదు. ఈ గుర్రం ఎక్కినందుకు నా తల తీస్తారట. మిమ్మల్ని ఎవడూ తలుచుకోలేదు. నేనొచ్చాను, అంతే."

ఏడుపులు ఆగిపోయాయి. ఆమె వెనక కందకంలో మంటలు మళ్ళీ తాటిచెట్టంత లేచాయి. పైన నల్లని గద్ద ఒకటి రెక్క ఈడ్చుకుంటూ దిగివస్తోంది.

"పారిపోయామనా?" అన్నాడు ప్రోలయ నెమ్మదిగా.

"అవునురా."

అతను నుదుటి మీది దుమ్ము తుడుచుకున్నాడు. గొలుసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అతని పక్కన ఒక ముసలివాడు లేచాడు, ఆ పక్కన ఇంకొకడు. చూస్తుండగానే పందొమ్మిదిమందీ లేచి నిలబడ్డారు. ఇప్పుడు ఎవరూ గుర్రం వైపు చూడడం లేదు.

"ఆ రాయి ఇలా తొయ్యక్కా, ఈ గొలుసులు పగలగొట్టాలి," అన్నాడు ప్రోలయ.